గ్రాన్ చెప్పిన కథలు, రిజిస్టరులో దొరికిన మనుషులు

మా ఆయన నాన్నమ్మది స్కాట్లాండులోని డండీ. ఇంట్లో అందరూ ఆవిడను గ్రాన్ అనేవారు. కోడలిగా వచ్చిన నేనూ అలాగే పిలిచాను. 1929లో పుట్టి, పద్నాలుగేళ్ళకే జనపనార మిల్లులో చేరి, ఆ తర్వాత గడియారాల ఫ్యాక్టరీలోనూ పనిచేసి, ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. 2019లో కన్నుమూశారు. ఆవిడ చెప్పిన కథలు కొన్ని నా ఫోనులో మిగిలాయి. అవి ఎంతవరకు నిజమో తేల్చడానికి కాదు గానీ, ఆ కథల్లోని మనుషులు కాగితం మీద ఎక్కడైనా కనిపిస్తారేమో చూడాలని మాత్రం బలంగా అనిపించింది. ఆ వెతుకులాట ఎలా సాగిందో, ఏం దొరికిందో రాస్తున్నాను.

ముందు గ్రాన్‌కూ నాకూ స్నేహం ఎలా కుదిరిందో చెప్పాలి. మాది విజయనగరం దగ్గర నెల్లిమర్ల వైపు పల్లెటూరు. మా ఊళ్ళో చాలా ఇళ్ళకు జూట్ మిల్లు జీతమే ఆధారం. గోగు కట్టలు చెరువులో నానబెట్టినప్పుడు వచ్చే వాసన మధ్య పెరిగాను. పెళ్ళయ్యాక మొదటిసారి డండీ వెళ్ళినప్పుడు మా నాన్న పసుపు కొమ్ములు చిన్న గోనెసంచిలో కట్టి పంపారు. గ్రాన్ పసుపు పక్కన పెట్టి సంచి చేతిలోకి తీసుకున్నారు. కిటికీ దగ్గరకు వెళ్ళి వెలుతురులో చూశారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను నలిపి, గోటితో పోగుల మీద అడ్డంగా గీశారు.

"పడుగు గట్టిగానే ఉంది. ఇదుగో, ఇక్కడ పేక పోగు తెగితే ముడి వెయ్యకుండా వదిలేసింది ఆ అమ్మాయి" అన్నారు.

"మా దగ్గర మగ్గాల మీద ఎక్కువగా మగవాళ్ళే ఉంటారు గ్రాన్" అన్నాను.

"అలాగా? మరి ఇంట్లో టీకి నీళ్ళు ఎవరు మరిగిస్తారు?"

ఆ ప్రశ్నలో డండీ చరిత్ర చాలా ఉంది. బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన జనపనారను గోనెగుడ్డగా నేసి ప్రపంచమంతటికీ అమ్మిన ఊరు అది. బిరుసుగా ఉండే నారను మెత్తబరచడానికి నీళ్ళతో పాటు తిమింగలం నూనె వాడేవారు. తిమింగలాల వేటకు వెళ్ళే ఓడలు కూడా డండీ రేవులోనే ఉండేవి కాబట్టి రెండు పరిశ్రమలూ ఒకదానినొకటి పోషించాయి. మిల్లుల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మగపిల్లలను చిన్నప్పుడు తక్కువ కూలికి పెట్టుకుని, పద్దెనిమిదేళ్ళు నిండి పెద్దవాళ్ళ జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి తీసేసేవారు. భార్య మిల్లుకు, భర్త పొయ్యి దగ్గరకు. అలాంటి మగవాళ్ళను ఊళ్ళో కెటిల్ బాయిలర్లు అనేవారు. గ్రాన్ నాన్న అలాగే ఇంట్లో ఉండి పిల్లలకు జడలు వేశారట. ఆ మాట చెప్పేటప్పుడు గ్రాన్ గొంతులో చిన్నతనం గానీ జాలి గానీ ఎన్నడూ వినిపించలేదు. "మా నాన్న చేసిన సూప్ మా అమ్మకు రాదు" అనేవారు గర్వంగా.

వాళ్ళమ్మా తనూ ఇద్దరూ మగ్గం మీద పనిచేసినవాళ్ళే. నూలు వడికేవాళ్ళు తలకు శాలువా చుట్టుకుని వెళితే, నేతవాళ్ళు టోపీ, చేతి తొడుగులు వేసుకుని వెళ్ళేవారట. ఆ తేడాను గ్రాన్ చివరిదాకా వదల్లేదు. వీధి చివరి కొట్టుకు వెళ్ళాలన్నా చేతి తొడుగులు ఉండాల్సిందే.

మగ్గాల చప్పుడులో మాట వినిపించదు. అందుకని నేతగదిలోని ఆడవాళ్ళంతా పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవారు. గ్రాన్‌కు వయసు మీద పడ్డాక చెవులు దాదాపుగా పోయాయి గానీ, మా మాటలు అందుకోవడంలో ఏ ఇబ్బందీ పడలేదు. ఒకరోజు నేను గదికి ఆ చివర నిలబడి ఫోనులో మా అమ్మతో తెలుగులో మాట్లాడుతున్నాను. ఫోను పెట్టేయగానే గ్రాన్ అడిగారు: "తిన్నావా అని అడిగింది కదూ మీ అమ్మ?" నిజంగా అదే అడిగింది. పెదాలు చదవడానికి అమ్మ అక్కడ లేదు, నా మాటలా తెలుగు. ఎలా తెలిసిందని అడిగితే, "నీ మొహం అబద్ధం చెప్పబోయి మానేసింది" అన్నారు.

కథలన్నీ క్లూటీ డంప్లింగ్ ఉడికే వేళే బయటికి వచ్చేవి. అది గుడ్డలో కట్టి ఉడికించే తీపి వంటకం. పిండి, చక్కెర, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, అల్లంపొడి, నల్లటి పాకం, కొవ్వు కలిపి ముద్ద చేస్తారు. నేను మాంసం తిననని తెలిసిన దగ్గర్నుంచి గ్రాన్ పశువుల కొవ్వు మానేసి, చెట్టు నూనెలతో చేసిన కొవ్వు వెతికి తెచ్చేవారు. గుడ్డను మరిగే నీళ్ళలో ముంచి, నీళ్ళు పిండేసి, దాని మీద పొడిపిండి చల్లాలి. ఆ పిండే తరువాత పైన తోలులా కడుతుంది. ముద్దను మధ్యలో పెట్టి, ఉబ్బడానికి కాస్త చోటు వదిలి దారంతో మూట కట్టాలి. కుండ అడుగున ఒక పళ్ళెం బోర్లించి, దాని మీద మూట దించాలి. సన్నని సెగ మీద మూడు, నాలుగు గంటలు ఉడకాలి. నీళ్ళు తగ్గుతుంటే మరిగే నీళ్ళే పోయాలి, చన్నీళ్ళు పోస్తే అంతా పాడవుతుంది. కాబట్టి వంటింట్లోంచి కదలడానికి లేదు. గ్రాన్ పొయ్యికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను ఫోను బల్ల మీద పెట్టేదాన్ని. రికార్డు చేస్తున్నానని ఆవిడకు తెలుసు. అప్పుడప్పుడూ "ఇది రాసుకో" అని, ఇంకొన్నిసార్లు "ఇది వద్దు" అని చెప్పేవారు. వద్దన్నవి ఇక్కడ రాయడం లేదు.

ఆ కథల్లో పిల్లలందరికీ ఇష్టమైనది మార్స్ ఓడ కథ. టే నదిలో లంగరు వేసి ఉంచిన పాత యుద్ధనౌక అది. దిక్కులేని పిల్లలను, అల్లరి మితిమీరిన పిల్లలను అందులో పెట్టి ఓడపని నేర్పేవారు. డండీలో ఏ పిల్లవాడు మాట వినకపోయినా "మార్స్‌కు పంపిస్తా" అనేవారు. ఆ ఓడ 1929లోనే వెళ్ళిపోయింది, గ్రాన్ పుట్టిన ఏడాదే. అయినా ఆవిడ బాల్యమంతా ఆ బెదిరింపు కిందే గడిచింది. మా ఆయన్నీ అలాగే భయపెట్టారు. లేని ఓడ మూడు తరాల పిల్లలతో చెప్పిన మాట వినిపించింది!

టే వంతెన కథ మాత్రం గొంతు తగ్గించి చెప్పేవారు. 1879 డిసెంబరు 28, ఆదివారం రాత్రి, పెనుగాలిలో వంతెన మధ్యభాగం కూలి, దాని మీద ఉన్న రైలు రైలంతా నదిలో పడిపోయింది. ఒక్కరూ బతకలేదు. వంతెన తెరిచి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. గ్రాన్ వంశంలో ఒకాయన అవతలి ఒడ్డు ఫైఫ్ నుంచి ఆ రైలుకే రావలసి ఉండి, చెల్లెలి బిడ్డకు జ్వరమని ఆగిపోయారట. ఇలాంటి కథ డండీలో ఇంకో రెండు మూడు ఇళ్ళలో కూడా విన్నాను. రైలెక్కినవాళ్ళ పేర్లు కాగితం మీద దొరుకుతాయి, ఎక్కనివాళ్ళవి ఎక్కడ దొరుకుతాయి? అందుకే దాన్ని నేను పరీక్షకు పెట్టలేదు. మేము ఎడిన్‌బరోలో ఉంటాం. రైల్లో డండీ వెళ్ళేటప్పుడు ఇప్పటి వంతెన పక్కనే పాత వంతెన స్తంభాల మొదళ్ళు నీళ్ళలో వరసగా కనిపిస్తాయి. మా పాప వాటిని చూడగానే జ్వరం వచ్చిన బిడ్డ పేరేమిటని అడుగుతుంది. ఆ పేరు గ్రాన్ చెప్పలేదు.

లూస్ యుద్ధంలో పోయిన పెదనాన్న సంగతి అలా కాదు, దానికి అడుగడుగునా ఆధారం దొరికింది. బ్లాక్ వాచ్ దళంలో డండీ కుర్రాళ్ళతో నిండిన నాలుగో బెటాలియన్ 1915 సెప్టెంబరు 25న ఫ్రాన్సులోని లూస్ దగ్గర ఘోరంగా దెబ్బతింది. ఊరి మధ్యనున్న లా కొండ మీద యుద్ధస్మారకం ఉంది. ఇప్పటికీ ప్రతి సెప్టెంబరు 25న దాని పైన దీపం వెలిగిస్తారు. గ్రాన్ ఆ రాత్రి వంటింటి దీపం ఆర్పి కిటికీలోంచి దాన్ని చూసేవారు. తాను పుట్టకముందే పోయిన మనిషి కోసం. ఆయనకు సమాధి లేదు. లూస్ స్మారకం గోడల మీద ఇరవై వేలకు పైగా ఉన్న పేర్లలో ఆయన పేరూ ఉందని యుద్ధ సమాధుల జాబితాలో చూశాం.

ఇక వెతుకులాట. స్కాట్లాండులో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకుముందువి చర్చి రిజిస్టర్లు. ఇవన్నీ స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి. పేరు వెతకడం ఉచితం, అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. వందేళ్ళు నిండని జననాలు, డెబ్బై అయిదేళ్ళు నిండని పెళ్ళిళ్ళు, యాభై ఏళ్ళు నిండని మరణాలు ఇంట్లో కూర్చుని చూడటం కుదరదు. వాటి కోసం ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివరన ఉన్న జనరల్ రిజిస్టర్ హౌస్‌కు వెళ్ళాలి. రాబర్ట్ ఆడమ్ రూపకల్పన చేసిన భవనం అది. పెద్ద గుమ్మటం కింద బల్లల ముందు కూర్చుని కంప్యూటర్‌లో చూస్తూ నోటుపుస్తకంలో రాసుకోవాలి.

దగ్గరి నుంచి వెనక్కి నడవాలి, అదే పద్ధతి. గ్రాన్ మరణ నమోదులో ఆవిడ తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్నాయి, తల్లి పుట్టింటి పేరుతో సహా. జనన నమోదు తెరిస్తే తల్లిదండ్రుల పెళ్ళి ఏ రోజు, ఏ ఊళ్ళో జరిగిందో ఉంది. ఆ తేదీ పట్టుకుని పెళ్ళి నమోదు తెరిస్తే వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లు, వృత్తులు. ఇలా ఒక కాగితం తర్వాతి కాగితానికి దారి చూపిస్తుంది. ఈ రిజిస్టర్లలో నాకు బాగా నచ్చింది ఆడవాళ్ళ పుట్టింటి పేరు ఎక్కడా చెరిగిపోకపోవడం. డండీ సమాధి రాళ్ళ మీద కూడా భార్య పేరు పుట్టింటి పేరుతోనే చెక్కి ఉంటుంది. మా ముత్తవ్వ ఇంటిపేరు ఏమిటని మా వైపు అడిగితే చెప్పేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

1921 జనాభా లెక్కల పేజీలు 2022 చివర్లో బయటపెట్టారు. అందులో గ్రాన్ అమ్మమ్మ ఇల్లు దొరికిన రోజు మా ఆయన చాలాసేపు లేవలేదు. ఇల్లాలు: జనపనార నేత. ఇంటాయన: కూలీ, పనిలేదు. తల్లితో పాటు పెద్దకూతురు, అంటే గ్రాన్ అమ్మ కూడా మగ్గం మీదే. కిటికీ ఉన్న గదులు ఎన్ని అని స్కాట్లాండు లెక్కల్లో ఒక గడి ఉంటుంది. ఏడుగురికి రెండు గదులు. టీ నీళ్ళ కథ గ్రాన్ నాన్నతో మొదలు కాలేదన్నమాట, అంతకుముందు తరం నుంచే ఆ ఇంట్లో అదే ఏర్పాటు.

అసలు కథ ఆ అమ్మమ్మదే. ఆవిడ నాన్న తిమింగలాల వేటగాడని, గ్రీన్‌లాండు పక్కనున్న డేవిస్ జలసంధికి వెళ్ళిన ఓడలోంచి తిరిగి రాలేదని గ్రాన్ చెప్పేవారు. ఇంట్లో పిల్లలకు నోటికొచ్చిన కథ. ఆయన పేరు మా ఆయన పేరులో రెండో పేరుగా కూడా ఉంది. స్కాట్లాండులో పాతకాలం వాళ్ళు పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండో కొడుకుకు తల్లి తండ్రి పేరు పెట్టేవారు. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టినట్టే. ఆ వరసలోనే ఈ పేరు దిగుతూ వచ్చింది.

1877 జనన నమోదు తెరిచాం. బిడ్డ పేరు ఉంది. తల్లి పేరు, ఆమె జనపనార మిల్లులో నూలు వడికేదని ఉంది. తండ్రి గడి ఖాళీ. బిడ్డ పేరు కింద అక్రమ సంతానమని రాసి ఉంది. ఆ రోజుల్లో రిజిస్ట్రారులు అలాగే రాసేవారు, 1919 దాకా. సంతకం చోట తల్లి గీసిన అడ్డగీతల గుర్తు. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, పచ్చి బాలింత, ఒంటరిగా వెళ్ళి బిడ్డను నమోదు చేయించుకుని వచ్చింది.

మరి వేటగాడు ఎక్కడ నుంచి వచ్చాడు? ఆ బిడ్డే పెద్దదై 1898లో పెళ్ళి చేసుకుంది. పెళ్ళి నమోదులో వధువు తండ్రి గడి నిండుగా ఉంది: పేరు, తిమింగలాల వేటగాడు, మరణించాడు. ఇంటిపేరు వధువు తల్లి పుట్టింటి పేరే. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కావడం కాకతాళీయం కావచ్చు. అయినా మనసు ఒప్పక 1861 లెక్కల్లో ఆ తల్లి పుట్టింటికి వెళ్ళాం. ఆరేళ్ళ పిల్లగా ఆమె ఉంది. ఇంటి యజమానిగా ఆమె తల్లి, నావికుడి భార్య అని. 1871కి వచ్చేసరికి అదే మనిషి విధవ. ఆ నావికుడి పేరు పెళ్ళి నమోదులో పెళ్ళికూతురి నాన్నగా రాసిన పేరే, అక్షరం తేడా లేదు.

సముద్రంలో పోయిన మనిషి నిజంగానే ఉన్నాడన్నమాట. అతను పెళ్ళికూతురికి నాన్న కాదు, తాత. తండ్రి ఎవరని పాస్టరు అడిగినప్పుడు ఆ అమ్మాయి తనవాడైన మనిషినే చెప్పుకుంది. పక్కన ఆమె తల్లి ఉండి ఉంటుంది. ఆ రోజు నుంచి ఒక తరం కిందికి జరిగిన కథ అలాగే గ్రాన్ దాకా వచ్చింది. దీన్ని అబద్ధమనడానికి నాకు మనసొప్పదు. ఖాళీ గడితో పుట్టిన పిల్ల తన పెళ్ళి కాగితం మీద ఖాళీ ఉండకూడదనుకుంది. అంత మాత్రం హక్కు ఆమెకు లేదా? మామగారికి చెప్పడానికి మొదట జంకాం. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, "మా వాళ్ళు గట్టివాళ్ళు" అని ఆ పెళ్ళి నమోదు నకలును చట్రం కట్టించుకున్నారు.

తర్వాత పాత రికార్డింగు మళ్ళీ విన్నాను. వేటగాడి కథ అయ్యాక, ఆయన ఏ ఓడ మీద వెళ్ళారు గ్రాన్ అని నేను అడుగుతున్నాను. జవాబు లేదు. కుండ మూత చప్పుడు. కొంతసేపటికి, "నీళ్ళు చూడమ్మాయ్, తగ్గినట్టున్నాయి" అన్న మాట. ఆవిడకు తెలిసే మాట మార్చారో, నిజంగా నీళ్ళే తగ్గాయో నాకు తెలియదు. ఆ రోజు డంప్లింగ్ మాత్రం చక్కగా కుదిరింది, రికార్డింగు చివర అందరం మెచ్చుకోవడం వినిపిస్తుంది.

దొరికినవన్నీ ఒక ఫైలు చేసి కెనడాలో ఉన్న గ్రాన్ చెల్లెలి కూతురికి పంపాం. వారం తిరక్కుండా ఫోను చేసింది. వాళ్ళమ్మ చెప్పిన కథ వేరట. ఖాళీ గడిలో ఉండాల్సిన మనిషి వేటగాడు కాదు, కలకత్తా నుంచి జనపనార తెచ్చే ఓడలో పనిచేసేవాడట. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడట. ఏ ఊరివాడో, ఏ దేశంవాడో వాళ్ళమ్మకూ తెలియదట. ఓడ సిబ్బంది జాబితాలు ఏ సంవత్సరాలవి ఎక్కడ మిగిలి ఉన్నాయో మా ఆయన ఇప్పుడు కనుక్కుంటున్నారు. 1876లో కలకత్తా నుంచి డండీ రేవుకు చేరిన ఓడల పేర్లు ఆనాటి స్థానిక పత్రికల్లో వెతకడం నా వంతు.